క్వారీ కాలనీకి కొత్త కొలత

విద్యాశాఖ ఆఫీసులో ఆ గుమాస్తాను అందరూ టేపక్క అంటారు. పొట్టి మనిషే గానీ పెద్ద పెద్ద అంగలు వేస్తుంది, నడిచినంతసేపూ పెదవులు అడుగులు లెక్కపెడుతూనే ఉంటాయి. బడికి మూడు కిలోమీటర్లు దాటిన ఇళ్ల పిల్లలకే ప్రభుత్వం బస్సు ఖర్చు ఇస్తుంది. క్వారీ కాలనీ దూరం కాగితాల్లో రెండుంబావు. "అది వంతెన కూలకముందు లెక్క సార్! ఇప్పుడు పిల్లలు వాగు చుట్టూ తిరిగొస్తున్నారు," అని ఆవిడ చెవినిల్లు కట్టుకుని పోరితే, అధికారి విసిగిపోయి, "సరే పదండి, కొలిచేద్దాం!" అన్నాడు.

బడి గేటు నుంచి కొలతచక్రం తోసుకుంటూ ఆవిడ ముందు, రొప్పుతూ ఆయన వెనక. కాలనీ పిల్లలు పదకొండు మంది పరుగున వచ్చి చుట్టుముట్టారు. మొదటి ఇల్లు దగ్గరపడుతోంది, చక్రం మీది అంకె మాత్రం ఇంకా మూడువేల మీటర్లు చేరలేదు. రెండువేల తొమ్మిదివందల తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది...

"మూడువేలు!" పిల్లలు ఎగిరి గంతేశారు. గడప దగ్గర మూడువేల పన్నెండు.

అధికారి గోడకు కాగితం ఆనించి సంతకం పెట్టి, "సోమవారం నుంచి బస్సొస్తుంది," అన్నాడు.

"ఎక్కడ ఆగుతుందక్కా?" అడిగింది ఓ పిల్ల.

ఆవిడ చెప్పుతో మట్టిలో గీత గీసి, "ఇదిగో, ఇక్కడే!" అంది. పదకొండు మందీ అప్పుడే గీత వెనక వరసకట్టేశారు.