పచ్చళ్ళ పళ్ళెం మీద తిరిగిన తల

మా ఊరి తెలుగువాళ్ళు ఒక రోబోను తయారుచేయాలనుకున్నప్పుడు ముందుగా తయారైనవి పదవులు. అమెరికాలోని ఈ ట్రాయ్‌లో మేమున్న వైపు రెండిళ్ళకొక ఆటోమొబైల్ ఇంజనీరు ఉంటాడు కాబట్టి, తెలుగు బడి వార్షికోత్సవంలో పిల్లలను పలకరించే రోబోను మనమే చేసుకుందామని ఎవరో అన్నారు. వారం తిరగకుండా అధ్యక్షుడు, డిజైన్ లీడ్, క్వాలిటీ లీడ్, కమ్యూనికేషన్స్ లీడ్ వచ్చేశారు. స్క్రూడ్రైవర్ మాత్రం నా ఒక్కడి దగ్గరే ఉంది. అందుకే నాకు పదవి రాలేదు. తలను తిప్పే పని వచ్చింది.

పని జరిగేది అధ్యక్షుడైన అంకుల్ గారి గరాజ్‌లో. పని అని నేనంటున్నాను. జరిగింది ఎక్కువగా రివ్యూ. ప్రతి శనివారం రెండు కార్లనూ బయటపెట్టి, గోడకు టీవీ తగిలించి, స్లైడ్లు వేసేవారు. ప్రాజెక్టు ఎంతవరకు వచ్చిందో చెప్పే స్లైడ్‌లో నా వంతు ఎప్పుడూ పసుపురంగులోనే ఉండేది. రంగు మార్చేవాళ్ళలో ఒక్కరూ బల్ల మీద విప్పి పెట్టిన మోటారు వైపు చూడలేదు.

అంకుల్ దగ్గర ఒక డిజైన్ ఉంది.

"సింపుల్‌గా ఉంచు బాబూ," అన్నారు. "మోటార్ పైన తల పెట్టు. మోటార్ తిరిగితే తల తిరుగుతుంది. ఇంకేం కావాలి?"

"తల బరువంతా షాఫ్ట్ మీద పడుతుంది అంకుల్. నాలుగుసార్లు తిరిగేసరికి వంగిపోతుంది."

"మనకి కావలసింది రెండుసార్లే కదా," అన్నాడు ఆయన బావమరిది. అతను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉంటాడు. క్వాలిటీ లీడ్ అతనే. అందరూ నవ్వారు. తర్వాతి స్లైడ్‌కి వెళ్ళారు.

కార్ల సీట్లను ముందుకూ వెనక్కూ జరిపే మోటార్లు నా ఉద్యోగం. మోటారు పని తిప్పడం, మోయడం కాదు. మోసేది వేరే ఉండాలి. తల అంటే బోర్లించిన పెద్ద స్టీలు గిన్నె, లోపల రెండు కెమెరాలు, ఒక స్పీకర్. దాన్ని మోయడానికి వెడల్పాటి బేరింగ్ కావాలి. దాని చుట్టూ పళ్ళ బెల్టు, ఆ బెల్టును లాగడానికి పక్కన నిలబెట్టిన మోటారు, మధ్యలో వైర్లు పోవడానికి ఒక చిల్లు. తల ఒకే వైపు తిరుగుతూ పోతే వైర్లు మెలిపడి తెగుతాయి కాబట్టి రెండు చివర్లా దాన్ని ఆపే స్విచ్‌లు. ఇవన్నీ దుమ్ము పడకుండా మూసే ఒక ప్లాస్టిక్ కాలరు.

బేరింగ్ ఆ ఇంట్లోనే దొరికింది. ఆంటీ భోజనాల బల్ల మధ్యలో పచ్చళ్ళ సీసాలు పెట్టి తిప్పుకునే గుండ్రటి పళ్ళెం కింద ఉంది. అడిగితే సీసాలన్నీ తీసి ఇచ్చింది.

"ఫంక్షన్ అవ్వగానే నాది నాకు ఇచ్చేయాలి," అంది. "ఇది లేకపోతే ఆవకాయ కోసం మీ అంకుల్ బల్ల మీద పాకుతారు."

ఆ ప్రాజెక్టు మొత్తంలో నాకు స్పష్టంగా వచ్చిన ఆర్డర్ అదొక్కటే.

బిగించడం పూర్తయ్యాక, ఎవరూ లేనప్పుడు ఒకసారి తిప్పి చూశాను. తల ఎడమకు వెళ్ళి ఆగింది, కుడికి వెళ్ళి ఆగింది, మధ్యకు వచ్చి నిలిచింది. చప్పుడు లేదు, వణుకు లేదు. ఇది పదిమంది ముందు ఇలాగే తిరగాలి అనిపించింది. ఆ తర్వాత నేను కోరుకున్నది అంతే.

మొదటిసారి ఆన్ చేయడానికి ముహూర్తం పెట్టించారు. అందరికీ అది మొదటిసారే, నేను చెప్పలేదు కాబట్టి. కొత్త కారుకు చేసినట్టే పూజ. పంతులుగారు ఎక్కడో వేరే రాష్ట్రంలో, ప్లేనోలో ఉంటారు, ఫోన్‌లో వీడియో పెట్టి మంత్రాలు చదివారు. రోబో చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. అప్పటికే కాలరు తీసేసి ఉంది.

"ఇదెవరు తీశారు?"

"నేనే," అన్నారు అంకుల్. "ఫోటోల్లో మెకానిజం కనబడాలి కదా."

ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చిన బంతిపూల దండను తీసుకెళ్ళి మెడలో వేశారు. మెడంటే నా బెల్టు.

"అంకుల్, దండ తీసేసి ఆన్ చేద్దాం."

"ఐదు నిమిషాలే బాబూ. పూజలో వేసిన దండ వెంటనే తీస్తారా ఎవరైనా?"

క్వాలిటీ లీడ్ రెండు చేతులతో అక్షింతలు వేశాడు. నెయ్యి కలిపిన అక్షింతలు. బియ్యపు గింజలు గిన్నె మీద పడి జారి, బెల్టు పళ్ళ మధ్య ఒక్కొక్కటిగా సర్దుకుని కూర్చున్నాయి. పంతులుగారు "ఊఁ, కానివ్వండి" అన్నారు. అంకుల్ స్విచ్ వేశారు.

తల ఎడమకు కదిలింది. దండను తనతో లాక్కుపోయింది. దారం బెల్టు కిందికి దూరింది, బెల్టు టకటకమని పళ్ళు దాటింది, మోటారు మూలిగి ఆగిపోయింది. తల ఒక పక్కకు తిరిగి, మా అందరినీ వదిలి గరాజ్ తలుపు వైపు చూస్తూ ఉండిపోయింది. దాన్ని తప్పుపట్టలేను.

"మోటార్ వీక్," అన్నాడు క్వాలిటీ లీడ్.

అక్కడికక్కడే మీటింగ్ పెట్టారు. దండ అన్న మాట ఒక్కరి నోటా రాలేదు. చివరికి అంకుల్ నిర్ణయం చెప్పారు. ఫంక్షన్ రోజు పొద్దున రిహార్సల్‌లో ఒక్కసారి ఆగినా మోటారు తీసేస్తారు. ఆగకపోయినా సేఫ్టీ కోసం బావమరిది, రోబోను నిలబెట్టే బల్ల కింద గుడ్డ చాటున కూర్చుంటాడు, కింది నుంచి ఒక రాడ్‌తో తలను చేత్తో తిప్పడానికి.

ఆ రాడ్ వెళ్ళడానికి ఉన్న దారి ఒక్కటే, మధ్యలో ఉన్న చిల్లు. దాని నిండా వైర్లున్నాయి. రాడ్ పై కొస దేనికి తగిలిస్తారని కమిటీలో ఎవరూ అడగలేదు. అడగని ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటు నాకు లేదు.

ఆ వారమంతా సాయంత్రాలు గరాజ్‌లో గడిచాయి. దారాన్ని పట్టకారుతో లాగాను. గింజలను టూత్‌పిక్‌తో తీశాను. నెయ్యి తుడిచాను. బెల్టు మార్చాను. కాలరును ఈసారి లోపలి నుంచి స్క్రూలతో బిగించాను, ఫోటోల కోసం ఎవరూ విప్పలేనట్టుగా.

రిహార్సల్‌లో ఆగలేదు. సాయంత్రం స్టేజి మీద, బడి పిల్లలు వరుసగా నిలబడ్డాక, తల ఎడమకు తిరిగి "నమస్కారం" అంది. కుడికి తిరిగి మళ్ళీ అంది. మధ్యకు వచ్చి నిలిచింది. గరాజ్‌లో నేనొక్కడినే చూసిన తిరుగుడు అదే, వణుకు లేకుండా. హాలంతా చప్పట్లు.

అప్పుడు ముందు వరుసలో ఉన్న ఒక పిల్ల వంగి బల్ల గుడ్డ ఎత్తింది.

"అంకుల్ ఈజ్ అండర్ దేర్! అంకుల్ తిప్పుతుంది!"

హాలు హాలంతా నవ్వింది. క్వాలిటీ లీడ్ చేతిలో రాడ్‌తో, మోకాళ్ళ మీద పాకుతూ బయటికి వచ్చాడు. అధ్యక్షుల వారు మైకు అందుకుని, "మా బ్యాకెండ్ టీమ్‌కి పెద్ద చప్పట్లు," అన్నారు. ఇందాకటి కంటే పెద్దగానే కొట్టారు.

స్టేజి వెనక అతను నా దగ్గరికి వచ్చాడు.

"నేను అసలు ముట్టుకోలేదు తెలుసా? ఈ రాడ్ పైన దేనికీ తగల్లేదు. దానంతట అదే తిరిగింది."

"తెలుసన్నా. బావగారికి చెప్పు."

"చెప్పా. 'మోడెస్ట్‌గా మాట్లాడకురా' అన్నాడు."

అతన్ని చూసి మొదటిసారి జాలి వేసింది, కొద్దిగా. మోటారు వీక్ అన్నది ఇతనేనని గుర్తొచ్చి అది కూడా పోయింది.

అందరూ ఫుడ్ లైన్‌లోకి వెళ్ళారు. ఆంటీ మాత్రం ఖాళీ సంచి పట్టుకుని వచ్చింది.

"అయిపోయిందిగా. నాది ఇచ్చేయ్."

"రేపు కమిటీ వాళ్ళు గ్రూప్‌లో వీడియో పెడతారట ఆంటీ. మళ్ళీ తిప్పాలంటున్నారు."

"తిప్పుకోమను. మీ అంకుల్ కింద కూర్చుని తిప్పుతారు."

నేను వెంటనే కాలరు విప్పాను, బెల్టు తీశాను, బేరింగ్ స్క్రూలు ఒక్కొక్కటే వదులు చేశాను. తలను కుర్చీలో పెట్టాను. పళ్ళెం కింద ఒక మూల పసుపు అంటిన బియ్యపు గింజ ఒకటి ఇంకా ఇరుక్కుని ఉంది. ఆంటీ దాన్ని గోటితో తీసి పారేసి, పళ్ళెం ఒకసారి చేత్తో తిప్పి చూసుకుంది.

"ఇదివరకు కిర్రుమనేది. ఏం చేశావు?"

"గ్రీజు పెట్టాను."

"బాగా తిరుగుతోంది," అంది, సంచిలో వేసుకుంటూ.