కొంగుముడిలో మేడం విజిల్

మేడం పోయారని కోడలు మహబూబ్‌నగర్ నుంచి ఫోన్ చేసినప్పుడు నేను బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. ఫోన్ మోగితే చాలు, ఎవరికేమైందోనని నాకు గుండె దడ. అట్లా భయపడి ఎత్తిన ఫోన్లన్నీ ఇన్నేళ్ళుగా ఉత్తవే అయ్యాయి. ఇది ఉత్తది కాలేదు. “అత్తమ్మా, మేడం లేదిగ” అన్నది కోడలు. ఏరిన బియ్యం, ఏరని బియ్యం ఒకే చేటలో కలిసిపోయాయి. మళ్ళీ ఏరే ఓపిక లేక అట్లాగే పక్కన పెట్టాను.

ఆమె మహబూబ్‌నగర్‌లో ఆడపిల్లలకు వాలీబాల్ నేర్పిన మేడం. నా కోడలు బడికి పోయే నాటి నుంచి ఆమె చేతి కిందనే ఆడింది. పెళ్ళి చేసుకొని అచ్చంపేటలో మా ఇంటికి వచ్చాక కూడా ఆడతానన్నది. నా కొడుకు సరే అన్నాడు. ఫికరంతా నాకే. కాలు మడతపడితే ఎట్లా, బస్సు దొరకకపోతే ఎట్లా, నలుగురూ ఏమనుకుంటారు అని.

అది చాలదన్నట్టు ఒకనాడు మేడం ఇంటికి వచ్చి, టీంను థాయిలాండ్‌లో పోటీలకు పిలిచారని చెప్పారు. నేను విమానం దగ్గర మొదలుపెట్టి అక్కడి నీళ్ళ దాకా నా భయాలన్నీ చెప్పాను. ఆమె చాయ్ తాగుతూ అన్నీ విన్నారు. మధ్యలో ఒక్కసారి కూడా నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి, “ఇంత ఫికర్ ఇంట్ల కూసొని ఏం జేస్తవు అత్తమ్మా? మాతోని వచ్చి చెయ్యి. పిల్లల సామాన్లు జూసే ఆడమనిషి మాక్కూడ కావాలె” అన్నారు. అప్పటి నుంచి టీం మొత్తానికి నేను అత్తమ్మనే అయ్యాను.

సంగతి తెలిసి ఎదురింటామె అడిగింది, “నెట్టు కట్టనీకె ఆడ గుంజ తక్కువైందా వదినా, నిన్ను తోల్కపోతున్నరు?” అని. నాకు నవ్వు రాలేదు. పాస్‌పోర్టు ఎక్కడ పోతుందోనని జాకెట్లో పెట్టుకొని, దాన్ని తడుముకుంటూనే విమానం ఎక్కాను.

అక్కడ నాకు ఏ మాటా అర్థం కాలేదు. లిఫ్టు తలుపులంటే భయమై మెట్లెక్కేదాన్ని. మేడం లిఫ్టు వదిలేసి, మోకాళ్ళ నొప్పులున్నా నాతో పాటు మెట్లే ఎక్కేవారు. ఆగి ఆగి ఎక్కేవాళ్ళం. నేను ఏదైనా దిగులు మొదలుపెడితే, “బాల్ ఇంక కింద పడలేదు గదా అత్తమ్మా, పడినంక జూద్దాం” అనేవారు. ఆమె అందరికీ, అన్నింటికీ ఆ మాటే అనేవారు.

మొదటి ఆట ముందర పిల్లలు కమ్మలు, గాజులు, ముక్కుపుల్లలు తీసి నా దగ్గరికి తెచ్చారు. ఎక్కడ పెట్టినా పోతాయనిపించి కొంగులో మూటకట్టాను. అంతలో రిఫరీ నా కోడలి మెడ వైపు వేలు చూపించాడు. పుస్తెలతాడు. అది ఉంటే ఆడనివ్వరట. టేపు వేస్తామన్నా ఒప్పుకోలేదు. కోడలు అక్కడే నిలబడి, పైన గ్యాలరీ మెట్ల మీద కూర్చున్న నన్ను చూసింది.

మేడం మెట్లెక్కి నా పక్కకు వచ్చి కూర్చున్నారు. ఇంత దూరం వచ్చి కోడలు మెడ బోసి చేసుకుంటే, ఇంటి దగ్గర కొడుకుకు ఏమవుతుందోనని నాకు ఒకటే గుబులు. ఆమె నా చెయ్యి పట్టుకున్నారు.

“నేను తియ్యమని చెప్ప. అది దానంతట అది తియ్యది. తీస్తే నువ్వే తియ్యాలె అత్తమ్మా. వద్దంటే పక్కన కూసోబెడ్త, నిన్ను ఒక్క మాట అన.”

ఆమె కింద పిల్లల వైపు చూసి, మెల్లగా అన్నారు, “పెండ్లయినంక మా అత్తకు భయపడి నేనొక ఆటకు పక్కన కూసున్న. మల్ల లేవలే.”

అని, బ్యాగులోంచి ఒక కాగితం పొట్లం తీశారు. పసుపులో నానబెట్టి ఆరేసిన దారం. పుస్తెలతాడు మార్చేటప్పుడు మెడ బోసిగా ఉండకూడదని మనం పసుపు దారం వేసుకుంటాం కదా, అట్లాంటిదే. మెడలో ఉండనివ్వరు కాబట్టి జబ్బకు కట్టి పైన చొక్కా చెయ్యి కప్పమన్నారు. బయలుదేరక ముందే నా భయాన్ని ఆమె ఆలోచించి పెట్టుకున్నారు. నేను దిగి, కోడలి జబ్బకు దారం కట్టి, నా చేతులతోనే పుస్తెలతాడు తీసి కొంగులో కట్టుకున్నాను. ఆట అయ్యేదాకా ఆ ముడిని పిడికిట్లోంచి వదల్లేదు. ఆ ఆట మనవాళ్ళు ఓడిపోయారు. కోడలు మాత్రం చెమట కారుతూ నవ్వుకుంటూ వచ్చి మెడ వంచింది.

పోయినేడు మేడంకు జబ్బు చేసింది. హైదరాబాదు దవాఖానలో ఆపరేషన్ అంటే పోయాను. ఒంటి మీద ఏమీ ఉండకూడదని నర్సు చెప్పింది. మేడం ఇంటాయన, కూతురు పక్కనే ఉన్నారు. మేడం మాత్రం నా వైపు చూసి, “అత్తమ్మా, కొంగు వట్టు” అన్నారు. కమ్మలు, మట్టెలు, పుస్తెలు, తలగడ కింద పెట్టుకున్న విజిల్. నేను ఇంటి నుంచే పసుపు దారం తెచ్చుకున్నాను. జబ్బకు కడుతుంటే నర్సు చూసి కూడా చూడనట్టు పక్కకు తిరిగింది. నాకు ఏడుపు ఆగలేదు. “బాల్ ఇంక పైననే ఉంది అత్తమ్మా” అన్నారు మేడం. ఆమె గొంతులో కూడా అలసట ఉంది.

ఆపరేషన్ నుంచి బయటపడ్డారు. అన్నీ తిరిగి పెట్టుకున్నారు గానీ విజిల్ తీసుకోలేదు. “ఊదే దమ్ము వచ్చినంక అడుగుత, అప్పటిదాంక నీ దగ్గరనే పెట్టు” అన్నారు. అడగలేదు. రోజూ చీర మార్చేటప్పుడు దాన్ని ఒక కొంగులోంచి ఇంకో కొంగులోకి మార్చేదాన్ని.

ఆమె దినం అయిన తెల్లారి, పిల్లలు ఆమె నేర్పిన గ్రౌండులోనే ఒక ఆట ఆడదామన్నారు. పాతవాళ్ళంతా వచ్చారు. కొందరి చంకల్లో పిల్లలున్నారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. వరసగా నా దగ్గరికి వచ్చి కమ్మలు, గాజులు, పుస్తెలతాళ్ళు తీసి ఇచ్చారు. చివరికి వచ్చింది నా కోడలు. అందరి జబ్బలకూ దారాలు కట్టాను. కొంగు విప్పితే అడుగున మేడం విజిల్ ఉంది. దాని మీదనే అన్నీ పోసి మూటకట్టాను.

ఆట జరిగినంతసేపు బరువుకు కొంగు భుజం మీంచి జారుతూనే ఉంది. నేను పైకి ఎగేసుకుంటూనే ఉన్నాను.