మామయ్య రెండో టీ

ఈ ఉదయం నాగాయలంక రేవులో పచ్చిరంగు వాసన తగలగానే మా చినమామయ్య పక్కనే నిలబడ్డట్టనిపించింది. మా అబ్బాయి కోసం పాత పడవ చూడ్డానికి వెళ్ళాం. ఆయన ఉంటే ముందు టీ అడిగేవారు.

చినమామయ్య మా ఆయనకు బాబాయి. ఎక్కడికెళ్ళినా అడిగి మరీ టీ తాగే మనిషి. వెనకాల 'టీ మామయ్య' అని పేరు పెట్టింది నేనే.

పెళ్ళైన కొత్తలో బందరు దగ్గర ఫైబర్ పడవ ఒకటి అమ్మకానికుందంటే ముగ్గురం పొద్దున్నే వెళ్ళాం. కొత్తగా వేసిన నీలం రంగు చూసి మా ఆయన మనసు పారేసుకున్నారు. మామయ్య చెప్పులు ఒడ్డున విడిచి పడవెక్కి, అడుగంతా వేళ్ళతో తట్టి, వెనకనున్న ఇంజను మూత తీసి అరచెయ్యి ఆనించారు. తర్వాత అమ్మేవాయనతో, "టీ దొరుకుద్దా అండీ?" అన్నారు. అది తాగి, "అల్లం బాగా పడింది, ఇంకోటి చెప్పండి" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

రెండో గ్లాసు తీరిగ్గా ఖాళీ చేశాక, "ఇప్పుడు స్టార్ట్ చెయ్యండి" అన్నారు. అమ్మేవాయన తాడు లాగీ లాగీ చొక్కా తడుపుకున్నాడు. ఇంజను దగ్గింది గానీ అందుకోలేదు. మామయ్య దణ్ణం పెట్టి దిగిపోయారు.

"చిన్న రిపేరు బాబాయ్, ఆటోనగర్ తీసుకెళితే అయిపోద్ది!" అని మా ఆయన దారంతా రుసరుసలాడారు.

రేవు దాటాక గానీ మామయ్య నోరు విప్పలేదు. "మనం రాకముందే తిప్పి వేడెక్కించి పెట్టాడ్రా. చల్లారితే లేవని ఇంజను, వలేసి ఆపాక లేస్తదా? ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర అల మీదికొస్తుంటే తాడు లాగుతా కూచుంటావా?"

"అక్కడే నిలదీయొచ్చుగా మామయ్యా?" అన్నాను.

"పడవలో నిలబడి పడవని తిట్టకూడదమ్మాయ్. అది ఇన్నాళ్ళూ వాళ్ళకి అన్నం పెట్టింది."

తర్వాత ఎన్నో రేవులు తిరిగి ఆయనే ఒక పడవ ఖాయం చేశారు. దాని రంగు వెలిసిపోయి చూడ్డానికి ఏమీ బాగుండేది కాదు. మా ఆయన దాని మీద ఇన్నేళ్ళూ వేటకెళ్ళి, ప్రతిసారీ ఇంటికొచ్చారు. మామయ్య పోయేలోగా ఆ మాట ఆయనతో అనగలిగాను. "సరేలే, టీ పెట్టు" అన్నారు.

ఈ ఉదయం నేనే మూత తీయించి చెయ్యి పెట్టాను. ఇంజను చల్లగా ఉంది. మా అబ్బాయి తాడు లాగగానే అందుకుంది. నేను అమ్మేవాయన్ని టీ అడిగాను, తాగాక ఇంకోటి అడిగాను.

"చల్లగానే ఉందిగా అమ్మా, ఇంకా ఎందుకు?" అన్నాడు వాడు చెవిలో.

"ఇది ఇంజను కోసం కాదురా, మీ చినతాతయ్యది" అన్నాను.