గాసిరాంని ఆడమనిషిని చేసిన గుమస్తా

తుఫానులు చూసింది, కొండచరియలు విరిగిపడడం చూసింది, పూతమీదున్న కాఫీతోటల మీద వడగళ్లు కురవడం చూసింది మన మన్యం. వాటన్నిటినీ తలదన్నే ఉపద్రవం ఒకటి ఆ కొండల మీద వచ్చి పడింది. అది నేనే. చేతిలో కత్తి లేదు, కటారు లేదు. ఉన్నదల్లా కుడిచేతి చూపుడువేలు. ఆ వేలితో ఒక్క మీట నొక్కి, మీసాలున్నవాణ్ణి, పెళ్లి కుదిరినవాణ్ణి, ఇరవై మూడేళ్ల మగవాణ్ణి రెప్పపాటులో ఆడమనిషిని చేసేశాను. దాంతో పది ఊళ్లు అట్టుడికిపోయాయి.

సరే, పది కాదు. ఒక్కటే. ముప్పై గడపలుంటాయేమో. కానీ ముప్పై గడపలూ నవ్వాయి, అది మాత్రం ఖాయం.

అప్పటికి నేను కుర్రవాణ్ణి. యాభై ఎనిమిదేళ్లు. పార్వతీపురం నుంచి కొండెక్కి వచ్చి, అరకు దగ్గరున్న ఒక మిషన్ ఆసుపత్రిలో ఇరవయ్యేళ్లుగా రికార్డుల గుమస్తాగా పనిచేస్తున్నాను. పేరు దేవదానం. రోగి పేరు, ఊరు, రోగం లావుపాటి రిజిస్టర్లో రాసేవాణ్ణి. 'దగ్గు', 'జ్వరం', 'గడ్డ'. చదివినవాడికి అర్థమయ్యేది, రాసినవాడికి సుఖంగా ఉండేది. అలాంటి సుఖం మీద కన్నేసి, ఎక్కడినుంచో ఒక కంప్యూటర్ని పంపారు. ఇకమీదట రోగానికి పేరు రాయకూడదట, నంబరు వెయ్యాలట!

ఆ నంబర్ల బాధ మీకు తెలియదు. రొమ్ము జబ్బులే తీసుకోండి. గడ్డ ఏమిటో ఇంకా తేలకపోతే ఎన్ అరవై మూడు. తేలాక అది క్యాన్సర్ అయితే సి యాభై. అపాయం లేని కంతి అయితే డి ఇరవై నాలుగు. బాలింతకి చీము పడితే ఓ తొంభై ఒకటి. అదే చీము బాలింత కాని మనిషికి పడితే ఎన్ అరవై ఒకటి. ఒక్క అవయవానికి నాలుగు పేటల్లో ఇళ్లు! పైగా ఆ ఎన్ అనే పేట అసలు ఎవరిదనుకున్నారు? మూత్రపిండాలది. కిడ్నీ రాళ్లూ రొమ్ము గడ్డలూ అక్కడ ఇరుగూపొరుగూ. ఈ లేఅవుటు వేసిన మహానుభావుడు ఎదురైతే, ముందు దణ్ణం పెట్టి తర్వాత దులిపేద్దామనుకున్నాను.

అయినా పట్టుదల మనిషిని కదా, మూడు నెలల్లో వెయ్యి కోడ్లు కంఠస్థం చేశాను. వెయ్యి కాదులెండి, ఓ నలభై. అందులో కొన్ని తప్పు. కానీ నలభై వచ్చినవాడికి వచ్చే పొగరు వెయ్యి వచ్చినవాడికి రాదు.

ఇక్కడ మా ఆసుపత్రి పద్ధతి ఒకటి చెప్పాలి. రొమ్ములో గడ్డ ఉన్న ఆడవాళ్లు ఒకసారి వస్తారు, సిగ్గుపడి మళ్లీ రారు. అందుకని మా డాక్టరమ్మ ఒక ఏర్పాటు చేశారు. అలాంటి ఆడవాళ్ల పేర్లు ప్రతి శుక్రవారం జాబితాగా వాళ్లవాళ్ల ఊళ్ల ఆశా కార్యకర్తలకి వెళతాయి. వాళ్లు ఇంటికెళ్లి నచ్చజెప్పి తీసుకొస్తారు. మంచి ఏర్పాటు. మంచి ఏర్పాటుని పాడుచెయ్యడానికి చెడ్డవాడు అక్కర్లేదు, తెలివైనవాడు చాలు.

ఒక శుక్రవారం డాక్టరమ్మ రాసిన చీటీ ఒకటి నా ముందుకొచ్చింది. పాంగి గాసిరాం, ఇరవై మూడేళ్లు, పురుషుడు, ఎన్ అరవై రెండు. ఎన్ అరవై రెండంటే రొమ్ము ఉబ్బడం. నాకు ఎక్కడలేని ఆనందం వేసింది. ఇరవయ్యేళ్ల సర్వీసులో డాక్టరమ్మ తప్పు ఒక్కటి దొరికింది!

పక్కన మందులు సర్దుతున్న నర్సు సుగుణమ్మ నా మొహం చూసి అనుమానపడింది. "బాబాయ్, ఏటి సేత్తన్నావు? నీలో నువ్వే నవ్వుకుంటన్నావు?"

"డాక్టరమ్మ తప్పు దిద్దుతున్నానమ్మా. రొమ్ము జబ్బు రాసి పురుషుడని పెట్టారు. రద్దీలో చూసుకోలేదు పాపం."

"ఓపాలి ఆవిడ్ని అడిగీరాదేటి?"

"ఇంత చిన్నదానికా? సూర్యుడు తూర్పున పొడుస్తాడా అని కూడా అడిగి రానా?"

"పేరు సూడు బాబాయ్. గాసిరాం అంటే మగపేరు."

"ఏజెన్సీ పేర్ల సంగతి నీకేం తెలుసు?"

"నాను పుట్టిందే ఈ కొండల్లో!"

పుట్టినంత మాత్రాన తెలుస్తుందా అని ఆమెను కసిరి, మీట నొక్కాను. పురుషుడు స్త్రీ అయ్యాడు. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. నేను కోడ్ చూసి ఇల్లాలినే తయారుచేశాను. ఆ సాయంత్రమే గాసిరాం పేరుతో సహా జాబితా బయల్దేరింది.

తర్వాతి వారం శనివారం పొద్దున్నే నా గది తలుపు దగ్గర ఏడడుగుల మనిషి, చేతిలో గండ్రగొడ్డలి, కళ్లు నిప్పులు! గొడ్డలి లేదులెండి, గొడుగు. ఎత్తు కూడా నా భుజం దాకానే. కళ్లు మాత్రం నిజంగా నిప్పులే.

"గుమస్తా బాబు నువ్వేనా?"

"అవును. ఏం కావాలి?"

"నానెవులో సెప్పు."

"నాకేం తెలుసయ్యా?"

"నీకే తెలాలి! నాను మగోడినో ఆడదాన్నో నువ్వే కదా రాసీసినావు! నా పేరు గాసిరాం."

కుర్చీలో ఉన్నవాణ్ణి ఉన్నట్టే చిన్నవాణ్ణయిపోయాను. అతను తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి చెప్పుకొచ్చాడు. ఎడమవైపు ఉబ్బు వచ్చింది. తన ఊళ్లో ఎవరికంటా పడకూడదని, దగ్గరున్న ఆసుపత్రి వదిలేసి, జి.మాడుగుల అవతల నుంచి రెండు బస్సులు మారి మా దగ్గరకొచ్చాడు. ఎండలో కూడా చొక్కా విప్పకుండా నాలుగు నెలలు దాచుకున్నాడు. ఆ రహస్యాన్ని నేను జాబితాలో పెట్టి పంపాను.

"మా ఊరి ఆశాలమ్మ లచ్చిమి ఉందా, దాని గొంతు రెండు కొండలవతలకి ఇనిపిస్తది. 'ఓలమ్మా, ఈ ఊర్లో గాసిరాం అనే ఆడమనిషి ఎవులే? పరీచ్చకి ఎల్లాల!' అనీసి ఈదంతా కేకేసుకుంటా వచ్చింది. నా సేతిలో ఐరన్ మాత్రలు కూడా ఎట్టీసింది బాబూ!"

ఆలు లేదు, చూలు లేదు, గాసిరాంకి ఐరన్ మాత్రలు!

"జబ్బు పేరు చెప్పిందా?" అన్నాను భయపడుతూ.

"ఇంకా సెప్పలేదు. పెద్దాసుపత్రి కాగితంలో తప్పుండదు, ఆదివారం మళ్లీ వచ్చి తేల్చీసుకుంటానంది. ఆదివారం పిల్ల తరపోళ్లు మాట ఖాయం సేసుకోడానికి వత్తన్నారు. ఆలముందు తేల్చీసిందంటే నాకిక పిల్లనెవులిత్తారు?"

ఆదివారమంటే రేపే.

డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాను. "కంప్యూటర్ పొరపాటు చేసిందండీ" అన్నాను. ఆవిడ తెర మీద ఏదో తెరిచి చూపించారు. ఎవరు, ఏ రోజున, ఏ గడి మార్చారో అంతా అందులో ఉంది. దేవదానం, దేవదానం, దేవదానం. అంత చాడీలు చెప్పే యంత్రాన్ని నేనెక్కడా చూడలేదు.

"దానం గారూ, మగవాళ్లకి రొమ్ము ఉండదని మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ. చూస్తే తెలియదా అని..."

"ఈ వయసు కుర్రాళ్లలో ఇది మామూలే. అపాయం లేదు. చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది. ఆ మాట విని అతను ఎంత తేలికపడి వెళ్లాడో తెలుసా? ఆ తేలిక మీరు మిగల్చలేదు." ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండేది. "రికార్డు నేను సరిచేస్తాను. ఆ ఊరు వెళ్లి మీరు సరిచెయ్యండి. అతని జబ్బు పేరు మాత్రం మీ నోట్లోంచి రాకూడదు."

"మరేం చెప్పనండీ?"

"చీటీ దిద్దేటప్పుడు నన్ను అడిగారా? ఇప్పుడెందుకు అడుగుతున్నారు?"

ఆదివారం ప్రార్థన ఎగ్గొట్టి బస్సెక్కాను. దిగాక ఎనిమిది కిలోమీటర్లు కొండెక్కాను. మూడనుకోండి, నా మోకాళ్ల లెక్కలో ఎనిమిది. వెళ్లేసరికి సభ నిండుగా ఉంది. మంచాల మీద పిల్ల తండ్రి, పిల్ల నాయనమ్మ, ఊరి పెద్దలు. మధ్యలో లచ్చిమి, చంకలో రిజిస్టరు, చేతిలో ఫోను. పక్కన గాసిరాం, ఉతికి ఆరేసిన చొక్కాలా వేలాడుతూ.

"ఇదిగో, ఆసుపత్రి బాబే వచ్చీసినాడు!" అంది లచ్చిమి, నేనెవరో చెప్పుకోగానే. "సెప్పు బాబూ. ఇందులో గాసిరాం ఆడమనిషని ఉంది. ఈడు సూత్తే మీసాలోడు. ఏటిది?"

పిల్ల తండ్రి లేచాడు. "మాకు కాబోయే అల్లుడు మగోడా కాదా ముందు అది తేల్చండి. తర్వాత మాటలు."

"నిక్షేపంలా మగవాడే!" అన్నాను సింహంలా. పిల్లి గొంతుతో అన్నానని గాసిరాం ఇప్పటికీ అంటాడు. "ఆ కాగితం ఇతనిది కాదు. వేరే వాళ్ల జబ్బు ఇతని పేరు మీద ఎక్కిపోయింది."

"అయితే బేగి సెప్పు, ఎవులిదది?" లచ్చిమి రిజిస్టరు తెరిచింది. "ఆ మనిసికి రొమ్ములో ఉబ్బుందని ఉంది. ఆల్ని ఒగ్గీలేను కదా."

జబ్బు పేరు బయటపడనే పడింది. అందరి చూపూ గాసిరాం చొక్కా మీదకి తిరిగింది. అతను చేతులు కట్టుకున్నాడు. ఇంకొక్క క్షణం ఆగితే చాలు, అంతా అయిపోతుంది. ఏదో ఒక పేరు చెప్పాలి. ఏ ఆడకూతురి పేరు చెప్పినా లచ్చిమి సాయంత్రానికల్లా ఆమె గుమ్మంలో ఉంటుంది. నాకు తెలిసినవాళ్లలో ఆ బాధకి నిజంగా తగినవాడు ఒక్కడే కనిపించాడు.

"నాది," అన్నాను.

"ఏటీ?"

"ఆ జబ్బు నాది. నా చీటీయే నేను తప్పుగా ఎక్కించుకున్నాను."

"మరి ఆడమనిషని ఉందేటి?"

"అదీ నా పొరపాటే."

ముప్పై గడపల జనం నా ఛాతీ వంక చూశారు. అబద్ధానికి సాక్ష్యం చెప్పేటంత మెత్తగా ఉంది అది, మా ఇంటావిడ వంట పుణ్యమా అని. పిల్ల నాయనమ్మ కర్ర పోటేసుకుంటూ దగ్గరికొచ్చింది.

"ఏ పక్క, నాయనా?"

"ఎడమ," అన్నాను. ఆమె వేలితో గట్టిగా పొడిచింది. "కుడి!" అని అరిచాను.

"రెండు పక్కలా ఉందే పాపం," అని తేల్చేసింది. "సిగ్గుపడకు. మా అన్నకీ ఉండీది. ముగ్గురు పిల్లల్ని కన్నాడు." ఏదో ఆకు నూరి తెమ్మంది. వద్దంటున్నా చొక్కా విప్పించి, నిండు సభలో ఆ ముద్ద పట్టించి గుడ్డతో కట్టింది. పిల్ల తండ్రి నవ్వాపుకోలేక గాసిరాం భుజం తట్టి, పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మాట ఖాయమైపోయింది. గాసిరాం నా వంక చూడలేదు. కానీ వచ్చేటప్పుడు బస్సు దాకా నా సంచి తనే మోశాడు.

అక్కడితో అయిపోతే బాగుండేది. లచ్చిమి పని ఎగ్గొట్టే మనిషి కాదు. నా పేరు, వయసు, ఫోన్ నంబరు, ఆధారు అన్నీ తన ఫోన్లోకి ఎక్కించుకుంది.

"అమ్మా, అందులో మగ అని పెట్టావా?"

"ఇది ఆడోల్ల జాబితా బాబూ. ఆడ అనే పడతాది. మార్చడానికి నాకు అదికారం లేదు. మీ ఆసుపత్రిలో రికార్డుల గుమస్తా ఉంటాడంట, ఆయన్ని అడుగు."

"ఆ గుమస్తాని నేనేనమ్మా!"

"అయితే నీకంతా తెల్సుండాలి కదా!"

గాసిరాం పెళ్లికి వెళ్లాను. ఉబ్బు తగ్గిపోయింది, మీసం ఇంకా పెరిగింది. ధింసా మొదలైంది. ఆడవాళ్లు వరసకట్టి నడుములు పట్టుకుని ఆడుతున్నారు. డప్పుల దగ్గర మగవాళ్లలో కూర్చోబోతుంటే నాయనమ్మ చెయ్యి పట్టుకుని వరసలోకి లాగింది. "నీ పేరు ఇటు రాసుంది కదా, రా అమ్మా!" రెండు గంటలు ఆడాను. కాదు, పావుగంట. పెళ్లికొడుకు నవ్వీ నవ్వీ కిందపడ్డాడు. ఇది మాత్రం కోత కాదు.

కాబట్టి, నవ్వుతున్న పాఠకులారా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో రోగి మొహం చూడకుండా గడి మార్చను. కోడిపుంజు వచ్చి నాకు ఎన్ అరవై రెండు ఉందన్నా, ముందు డాక్టరమ్మని అడుగుతాను, తర్వాత కోడిని అడుగుతాను, ఆపైన సుగుణమ్మని అడుగుతాను. అప్పటికీ మీట నొక్కను. ఉద్యోగం నుంచి రిటైరయ్యాను కాబట్టి ఈ ప్రమాణం తప్పే భయం కూడా లేదు.

ఆగండి, ఇంటావిడ ఫోను పట్టుకొస్తోంది. ఏడాదికోసారి తప్పదు. "ఇదిగోండి అమ్మగారూ, పరీక్షకి రమ్మంటున్నారు, మీకే."

"ఆఁ, చెప్పమ్మా. అవును, దేవదానమ్మనే మాట్లాడుతున్నాను."