గంగాళం పక్కన బకెట్టు

ప్లాస్టిక్ బకెట్టులోకి కుళాయి నీళ్లు పడే చప్పుడు వింటే నాకు నూకరత్నం గుర్తొస్తుంది. ఆమె గురించి చెప్పాలంటే ముందు మేమెవరమో చెప్పాలి. మా ముత్తాత జగ్గారావుగారు చుట్టుపక్కల ఊళ్ల శిస్తు అనుభవించే మొఖాసాదారు. తాతగారు సూర్యనారాయణగారు వీధిలోకి వస్తే అరుగుల మీదివాళ్లు లేచి నిలబడేవారు. ఆయన పేరు చెక్కిన ఇత్తడి గంగాళంలో మా మగవాళ్లకు నీళ్లు కాగేవి. తోడి పోయడానికి మనుషులుండేవారు. భూములు పోయాయి, మనుషులూ పోయారు. ఆ పని నా భార్య వరలక్ష్మి చేతికి వచ్చింది.

పక్షవాతంతో నా కుడి పక్క బలహీనపడ్డాక ఆసుపత్రివారు నర్సు నూకరత్నాన్ని ఇంటికి పంపారు. సముద్రపు ఒడ్డున పుట్టిన మనిషి. గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. రోజువారీ పనుల్లో నాకు ఏది చేతనవునో, దేనికి సాయం కావాలో చూసి చెప్పడం ఆమె పని. నడుము నొప్పితో వరలక్ష్మి ఇక నన్ను లేవదీయలేకపోతోంది. ముక్కూ మొహం తెలియని మనిషి వచ్చి నా వీపు తోమడం నేను ఊహించలేను. జీతానికి మనిషిని పెట్టాలా వద్దా అన్నది నూకరత్నం మాట మీదే ఉంది.

“బాబుగారూ, నీళ్లు మీరే పోసుకుంతారా?”

“లేదు.”

“పంచి మీరే కట్టుకుంతారా?”

“కుచ్చిళ్లు వరలక్ష్మి పెడుతుంది.”

నూకరత్నం మొహం చిన్నబోయింది. “అయితే మనిసిని ఎట్టాల్సిందేనమ్మా” అంది.

వంటింట్లోంచి వరలక్ష్మి నవ్వు వినిపించింది. “ఏటి రత్నం, ఆ జబ్బు ఇప్పటిదా? నేను కాపరానికొచ్చిన కాడ్నుంచీ ఆయన చెంబు ఎత్తగా చూళ్లేదు!”

“ఓలమ్మో! సెయ్యలేకా, సేసిన అలవాటు లేకా?”

“మా ఇంట్లో మగవాళ్లు చేయరు” అన్నాను, నిటారుగా కూర్చుని.

“అయితే నానడగడమే తప్పు. సూడాల. లెగండి బాబూ.”

స్నానాలగదిలో గంగాళంలోకి వంగితే తూలాను. ఆమె పట్టుకుంది. బకెట్టును ఎత్తుపీట మీద, నన్ను స్టూలు మీద పెట్టి, మగ్గు ఎడమ చేతికిచ్చి తలుపు అవతల నిలబడింది. మొదట పోసిన నీళ్లు గోడకు స్నానం చేయించాయి. తర్వాతివి నా నెత్తిన పడ్డాయి.

“రోగం కొంతేనమ్మా, మిగతాదంతా మీ గారాబం! మనిసి అక్కర్లేదు” అని ఆమె వరలక్ష్మితో అంటుంటే, నేను లోపల తల తుడుచుకుంటూ విన్నాను. నా ప్రాణం కుదుటపడింది.

తర్వాత కొన్ని వారాలు వచ్చింది. లుంగీ సులువన్నది. మా ఇంట్లో లుంగీతో ఎవరూ వీధిలోకి వెళ్లలేదన్నాను. “సరే, గోడకి ఆనుకుని కుచ్చిళ్లే ఎట్టుకోండి. నడుం వంచని ఆ పొగరే మిమ్మల్ని నిలబెడతాది” అంది. నిలబెట్టింది.

ఇప్పుడు ఉదయం నా స్నానం అయ్యాక వరలక్ష్మికి కుళాయి తిప్పి బకెట్టు పట్టి పెడతాను. మా వంశంలో ఆ పని చేసిన మొదటి మగవాణ్ణి నేనే. కుచ్చిళ్లు పెట్టిన పంచెతో ఆటో ఎక్కి, గంగాళాన్ని నేనే ఆమదాలవలస ఇత్తడి కొట్టుకు తీసుకెళ్లి అమ్మేశాను.