చేతికి ఉప్పు

నెల్లూరు సముద్రపొడ్డున ఉన్న జువ్వలదిన్నె నుంచి స్కాట్లండు దాకా పోయి మాల్యాద్రి చదివింది ఉప్పు గురించి. చేపకు ఎంత ఉప్పు పట్టిస్తే ఎన్నాళ్లు నిలవుంటుందో తేల్చే చదువది. పందొమ్మిది వందల అరవై ఒకటిలో, సర్కారు ఖర్చు మీద. ఉప్పుచేప తిని పెరిగినవాణ్ణి ఉప్పుచేప నేర్చుకోమని ఓడెక్కించారని అతనే చెప్పుకుని నవ్వేవాడు.

అబర్డీన్‌లో గది దొరకడం గగనమైంది. అతని మొహం చూడగానే ఖాళీ గదులన్నీ ఉన్నట్టుండి నిండిపోయేవి. చివరికి మిసెస్ మెకే అనే ముసలామె తలుపు తీసి, మీవాళ్లేం చేస్తారని అడిగింది. చేపలు పడతారని చెప్పగానే లోపలికి రమ్మంది. ఆమె భర్త కూడా చేపలవేటకు పోయి సముద్రంలోనే ఉండిపోయాడు.

"మీ దేశంలో మూఢనమ్మకాలు జాస్తి అంటారు, నిజమేనా?" అని ఆ రోజే అడిగిందామె.

"నేను సైన్సు చదివినవాణ్ణండీ. నా దగ్గర అలాంటివేవీ లేవు," అన్నాడు మాల్యాద్రి ఛాతీ విరుచుకుని. నెల్లూరు కాలేజీలో, పిల్లి ఎదురైతే ఆగిపోయేవాళ్లను చూసి పగలబడి నవ్విన ఘనుడు మరి.

రాత్రి భోజనాల దగ్గర ఆమె చెయ్యి చాపి ఉప్పు అందించమనేది. మాల్యాద్రి ఉప్పుబుడ్డి తీసి, ఆమె చేతికివ్వకుండా పక్కన బల్లమీద పెట్టేవాడు. ఉప్పు చేతికిస్తే ఇచ్చినవాళ్లకీ పుచ్చుకున్నవాళ్లకీ గొడవొస్తుందని తల్లి నాగులమ్మ చిన్నప్పుడే మొట్టికాయలు వేసి నేర్పింది. కష్టపడి సంపాదించిన గది, గొడవెందుకు? సైన్సేమో కోటుతోపాటు గుమ్మం దగ్గర కొక్కేనికి వేలాడుతుండేది.

ఒకరోజు ఆమె చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"మీ దేశంలో కొందరు కొందరి చేతులు ముట్టుకోరని చర్చిలో ఎవరో చెప్పారు. నేను నమ్మలేదు. నా చేతికేమైంది, మాల్యాద్రీ? నెలాఖరుకు వేరే గది చూసుకోండి."

తల్లి వెనకాల చేపలగంపతో తిరిగిన రోజుల్లో, డబ్బులు చేతికివ్వకుండా పైనుంచి జారవిడిచే ఇళ్లు ఎన్ని చూశాడని! ఇప్పుడీమె కంటికి తనూ ఆ బాపతు మనిషే అయ్యాడు. సిగ్గుతో చచ్చిపోయాడు. గది పోతే పోయింది, ఆ మాట మాత్రం ఆమె మనసులో మిగలకూడదు. అందుకే ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"మరి మూఢనమ్మకాలు లేవన్నారే?"

"ఒక్కటుందండీ," అన్నాడు. వేళ్లు లెక్కపెట్టుకుని, "పిల్లితో కలిపి రెండు," అన్నాడు.

ముసలామె కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. మళ్లీ చెయ్యి చాపి, "పెట్టండి. గొడవొస్తే చూద్దాం," అంది. మాల్యాద్రి కళ్లు గట్టిగా మూసుకుని ఉప్పుబుడ్డి ఆమె అరచేతిలో పెట్టాడు. నవ్వులో కాస్త ఉప్పు ఒలికింది. ఆమె చిటికెడు తీసి ఎడమ భుజం మీదుగా వెనక్కి విసిరింది.

"అదేమిటండీ?"

"వెనకాల సైతానుంటాడుగా, వాడి కళ్లలో పడాలి," అందామె, అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు.

మర్నాడు పొద్దున్నే గొడవ రానే వచ్చింది. చదువులో భాగంగా ఉప్పు పట్టించిన చేపల్ని మాల్యాద్రి ఆమె కొత్త కిటికీ తెరల పక్కన ఆరేశాడు. ఇల్లంతా నీచుకంపని ఆమె అరిచింది. అతనూ అరిచాడు, కోపంలో తెలుగులో. ఆ రాత్రి ఆమె మూతి ముడుచుకునే వేడివేడిగా వడ్డించి, ఉప్పు కోసం చెయ్యి చాపింది.

చదువు ముగించుకుని ఇంటికొచ్చిన రోజు, అన్నం తింటూ ఇదంతా తల్లికి చెప్పాడు.

"చేతికే పెట్టినావా?" అంది నాగులమ్మ గుండె మీద చెయ్యేసుకుని.

"పెట్టినానమ్మా."

"గొడవొచ్చిందా?"

"తెల్లారేసరికి వచ్చేసింది."

"నే చెప్పలా!" అని గర్వంగా తలాడించింది. వెంటనే అనుమానం వచ్చింది. "మరి ఆ పూట నీకు కూడు పెట్టిందా?"

"పెట్టింది. ఇంకో ముక్క ఎక్కువే ఏసింది."

"అట్టయితే మన మనిషే గదరా," అంది నాగులమ్మ. పులుసులో ఉప్పు చాలలేదేమోనని, ఉప్పుచిప్ప తెచ్చి అతని కంచం పక్కన నేలమీద పెట్టింది.

ఈ పూట మిసెస్ మెకే బల్ల దగ్గర ఉప్పు అందించేవాళ్లెవరూ లేరని తట్టి, మాల్యాద్రి కలిపిన ముద్ద తిరిగి కంచంలోనే పెట్టేశాడు.