తంబాకు చేతులు

కొడిమ్యాల పక్క ఊళ్లో ఆశా కార్యకర్త షగుఫ్తా అంటే ఎవరికీ పడదు. పదకొండేళ్లుగా ఇంటింటికీ తిరిగి తిట్టడమే ఆమె ఉద్యోగమనుకుంటారు. నిజానికి ఆమె తిట్టేది తక్కువే. ఆ ఇళ్లలో జరిగేవి చూస్తే నాకైతే కొట్టాలనిపిస్తుంది.

లచ్చవ్వ ఇల్లే చూడండి. మనవరాలు అక్షితకు ఆరేళ్లు. నెల రోజులుగా ఒంటేలుకు పోయినప్పుడల్లా మంట, దురద, ఏడుపు. బడి మానేసింది. దవాఖానకు తీసుకుపోతే పిల్లకు చెడ్డపేరు వస్తుందట! ఆరేళ్ల పిల్లకు ఏం పేరండీ? గాయాలు కడిగే ఘాటు మందు నీళ్లలో కలిపి, రోజుకు రెండుసార్లు కోడలు సుధతో రుద్ది కడిగిస్తోంది ముసలమ్మ.

"మా ఇంటి ఆడపిల్ల ముచ్చట నీకెందుకే?" లచ్చవ్వ గడపకు అడ్డం నిలబడింది.

"జరుగు అవ్వా! పోరి ఏడ్సుడు వాడకట్టంత ఇనవడుతున్నది."

షగుఫ్తా తల్లీబిడ్డలను ఆటో ఎక్కించి జగిత్యాల తీసుకుపోయింది. ఇన్ఫెక్షన్ ఏమీ లేదని డాక్టరమ్మ చెప్పింది. ఈ వయసు ఆడపిల్లలకు అక్కడి చర్మం చాలా పలచన, ఘాటు తగిలితే పుండవుతుంది. మందునీళ్లు వద్దు, సబ్బు వద్దు. ఉత్త నీళ్లు, నూలు లోదుస్తులు, ఒక పూతమందు చాలు.

వారమైంది. డాక్టరమ్మ చెప్పినట్టే చేసినా మంట తగ్గలేదు.

"ఏమాయెనే నీ డాక్టరమ్మ?" నలుగురికీ వినపడేలా నవ్వింది లచ్చవ్వ. షగుఫ్తాకు ఒళ్లు మండిపోయింది. పోయి వాళ్ల అరుగు మీదే కూర్చుంది. లేవమన్నా లేవలేదు.

మధ్యాహ్నం అక్షిత లోపలినుంచి తల్లిని పిలిచింది. సుధ ఒడిలోని బీడీల చాట పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని చెంబు అందుకుంది. గోళ్ల సందుల్లో బీడీల్లో నింపే తంబాకు పొడి.

"ఆగు!" షగుఫ్తా లేచింది. "రోజూ గా చేతులతోనే కడుగుతున్నవా?"

"పదేండ్ల సంది బీడీలు చేస్తున్న. నాకెన్నడు మండలే."

"నీ చేతులు కాయలు గాసినయ్. పిల్ల తోలు గట్లుంటదా?"

సుధ చేతులు చూసుకుంది. "అంటే నా బిడ్డకు మంటవెట్టింది నేనేనా, అక్కా?"

మరొకరైతే సర్దిచెప్పేవారు. "నువ్వే. నువ్వు, మీ అత్త" అంది షగుఫ్తా.

సుధ సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కుంది, గోళ్లను పుల్లతో గీకింది. మళ్లీ చెంబు పట్టుకుని బిడ్డ దగ్గరికి పోయింది. అక్షిత గోడకు జరిగి, ఆ చెంబు లాక్కుంది.

"నువ్వద్దమ్మా. నేనే కడుక్కుంట."